వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ మీద ఆఫీసులకి ఫోన్ సర్వీస్: దిగాక తెలుస్తోంది లోతు

టవరు_మీద_కాకి
చిన్న వైర్‌లెస్ నెట్‌వర్క్ నడుపుతున్నాను. 5 గిగాహెర్ట్జ్, ఒక టవరు, మూడు సెక్టార్లు, 60 మంది పైచిలుకు కస్టమర్లు. అందులో 22 ఆఫీసులు. పోయిన నెల ఒక అకౌంట్స్ ఆఫీసు వాళ్లు "నెట్ మీరే ఇస్తున్నారు కదా, ఫోన్లు కూడా ఇచ్చేయండి, ఒకే బిల్లు కట్టుకుంటాం" అన్నారు. నాకూ ఆశ పుట్టింది. టోకున కాల్స్ అమ్మే ఒక కంపెనీ దగ్గర సిప్ (నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) ఖాతా తీసుకుని, వాళ్ల హోస్టెడ్ పీబీఎక్స్ (వాళ్ల దగ్గరే నడిచే ఆఫీసు ఎక్స్ఛేంజి) మీద 12 ఐపీ ఫోన్లు పెట్టాను.

రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు మొదలైంది గోల. పొద్దున 11 అయ్యేసరికి వీళ్ల మాట అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. అవతలి మాట మాత్రం వీళ్లకి శుభ్రంగా వినిపిస్తుంది. ఒంటిగంటకి దానంతటదే సర్దుకుంటుంది. ఇది కాక, వారంలో రెండు మూడుసార్లు మాట్లాడుతుండగానే 12 ఫోన్లూ ఒక్కసారే చచ్చిపోయి నిమిషం తర్వాత లేస్తున్నాయి. లింకు 20 ఎంబీపీఎస్ డౌన్, 5 అప్. పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం) 8 మిల్లీసెకన్లు. ఇంకేం కావాలండీ?

ఆ రిసెప్షన్ మేడమ్ రోజూ తన సొంత మొబైల్ నుంచి నాకు చేసి "మీ ఫోన్ పని చేయట్లేదండీ" అంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. మిగతా 21 ఆఫీసులకీ ఇద్దామనుకున్నాను. ఇవ్వాలా, మానుకోవాలా?

ముక్కుసూటి
మానుకోండి. నెట్ ఒక నిమిషం పోతే ఎవరూ గమనించరు. ఫోన్ ఒక నిమిషం పోతే మీ గుమ్మంలో ఉంటారు. మేం మూడేళ్లు చేసి వదిలేశాం. బిల్లులో ఫోన్ వాటా పిసరంత, ఫిర్యాదుల్లో దాని వాటా కొండంత.

జిట్టర్_బాబు
అంత నిరాశ అక్కర్లేదు. కాకి గారూ, ఆ 8 మిల్లీసెకన్ల పింగ్ ఎప్పుడు కొలిచారు? పొద్దున 11కా, రాత్రి పడుకోబోయే ముందా?

టవరు_మీద_కాకి
రాత్రే. పగలు ఆ మేడమ్‌కి జవాబు చెప్పడానికే సరిపోతోంది.

జిట్టర్_బాబు
అదీ సంగతి. అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద బండి తోలి చూసి, పొద్దున ట్రాఫిక్‌లో ఎందుకు ఆగిందని అడుగుతున్నారు. రేపు 11కి వాళ్ల ఆఫీసు లోపలి నుంచి మీ టవరు రౌటర్‌కి పింగ్ పెట్టి అలాగే వదిలేయండి. వెళ్లే మాట ఒక్కటే ముక్కలవుతోందంటే అప్‌లోడ్ వైపే ఏదో అడ్డం పడుతోంది.

లెక్కల_పంతులు
"20 ఎంబీ ఉంది కదా" అనేవాళ్లందరి కోసం ఒకసారి లెక్క వేస్తాను.

మాటని బిట్లుగా మార్చే జీ.711 కోడెక్‌లో మాట 64 కేబీపీఎస్. దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. అంటే ఒక్కో ప్యాకెట్‌లో 160 బైట్ల మాట. దాని నెత్తిన ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు మూడూ కలిపి 40 బైట్లు. ఈథర్‌నెట్‌ది కూడా కలుపుకుంటే ఒక కాల్‌కి ఒక్కో దిక్కున 87 కేబీపీఎస్ చిల్లర. 12 ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా 1 ఎంబీపీఎస్‌ని కొంచెం దాటుతుంది, అంతే. 5 ఎంబీ అప్‌లోడ్‌లో అది ఏ మూలకి?

జీ.729 పెడితే మాట 8 కేబీపీఎస్‌కి దిగుతుంది కానీ హెడర్లు తగ్గవు. 20 బైట్ల మాటకి 40 బైట్ల హెడర్. ఉత్తరం కంటే కవరు బరువు. అందుకే 8 అని చెప్పినది ఈథర్‌నెట్ మీద 31 అవుతుంది.

జిట్టర్_బాబు
పంతులు గారూ, మీ లెక్క తీగకి సరిపోతుంది. గాలిలో బిట్లు లెక్కపెట్టి లాభం లేదు, ప్యాకెట్లు లెక్కపెట్టాలి.

ఒక కాల్ అంటే ఒక్కో దిక్కున సెకనుకి 50 ప్యాకెట్లు, రెండు దిక్కులూ కలిపి 100. ఒక చానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. ప్రతి ప్యాకెట్‌కీ ముందు గాలి ఖాళీగా ఉందో లేదో వినాలి, కాసేపు ఆగాలి, పంపాలి, అందిందన్న జవాబు కోసం చూడాలి. ప్యాకెట్ 1500 బైట్లదైనా 200 బైట్లదైనా ఈ తతంగం తప్పదు. ఇదంతా కలిపి ఒక్కోదానికి పావు మిల్లీసెకను పట్టిందనుకోండి. సెకనుకి 4000 ప్యాకెట్లతో గాలి నిండిపోయింది. అంటే 40 కాల్స్, పక్కన ఇంకెవరూ ఒక్క పేజీ కూడా తెరవకుండా. స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీ చూపించిన సెక్టారే నాలుగు ఆఫీసుల ఫోన్లు మోగేసరికి చతికిలబడుతుంది. 12 ఫోన్లతో మీకు ఆ బాధ రాలేదు కానీ, 22 ఆఫీసులూ ఎక్కితే వస్తుంది.

మీ రేడియోలు మామూలు వైఫై పద్ధతిలో ఉన్నాయా, వంతులవారీగా పంపే టీడీఎంఏలోనా?

టవరు_మీద_కాకి
రెండు సెక్టార్లు టీడీఎంఏ. ఈ ఆఫీసు ఉన్న మూడోది మామూలు వైఫై మోడ్. అక్కడ ముగ్గురి దగ్గర పాత రేడియోలు ఉన్నాయని మార్చలేదు.

రాత్రి_డ్యూటీ
ముగ్గురి కోసం సెక్టార్ మొత్తానికి శిక్ష అన్నమాట.

వైఫై మోడ్‌లో ఇంకో తిప్పలు ఉంది. కస్టమర్ల డాబాల మీది రేడియోలన్నీ టవరు వైపే ముఖం పెట్టి ఉంటాయి, ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. ఇద్దరూ గాలి ఖాళీ అనుకుని ఒకేసారి అరుస్తారు. టవరుకి ఇద్దరిదీ అర్థం కాదు. టీడీఎంఏలో అయితే టవరే వంతులు పిలుస్తుంది, నీ తర్వాత నువ్వు అని. డేటాకి ఈ తేడా పెద్దగా తెలియదు, పోయినదాన్ని టీసీపీ మళ్లీ తెప్పించుకుంటుంది. మాటకి ఆ వెసులుబాటు లేదు. ఆలస్యంగా వచ్చిన అక్షరం రానట్టే లెక్క.

ఒంటిచెవి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఆఫీసులో మాట ముక్కలవడం లేదు. అసలు అవతలివాళ్ల మాటే రాదు. మేం మాట్లాడేది వాళ్లకి వినిపిస్తుంది. ఇంకో ఫోన్‌కి అసలు కాల్సే రావు, దాని నుంచి మాత్రం వెళ్తాయి. ఇదీ వైర్‌లెస్ వల్లేనా?

సిప్_సీత
కాదు, మీ రెండు జబ్బులూ నాట్ వల్ల, అంటే రౌటర్ ఒకే బయటి చిరునామాని లోపలి పరికరాలన్నిటికీ పంచడం వల్ల వచ్చేవి.

మొదటిది: కాల్ మొదలయ్యేటప్పుడు ఫోన్ "నా మాట ఈ చిరునామాకి పంపండి" అని సిప్ సందేశం లోపల రాసి పంపుతుంది. 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా రాసిందనుకోండి, అవతలి సర్వర్ దాన్ని నమ్మి ఎక్కడికి పంపాలి? కొన్ని రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అని ఒకటి ఉంటుంది. సాయం చేస్తానని మధ్యలో దూరి, సగం మార్చి సగం వదిలేస్తుంది. అది ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి. ఎన్నిసార్లు అదొక్కటి ఆపి హీరోయిన్‌ని అయ్యానో లెక్కలేదు.

రెండోది: ఫోన్ వైపు నుంచి కాసేపు చప్పుడు లేకపోతే రౌటర్ ఆ యూడీపీ దారి మూసేస్తుంది. కొన్నిటిలో 30 సెకన్లే. మీ ఫోన్ గంటకోసారి రిజిస్టర్ అయ్యేలా పెట్టి ఉంటారు. మిగతా సమయమంతా తలుపు వేసి ఉంటే కాల్ ఎలా లోపలికి వస్తుంది? కీప్‌అలైవ్ (దారి మూయకుండా ఫోన్ పంపే చిన్న ప్యాకెట్) 20 సెకన్లకి పెట్టండి.

కాకి గారూ, మీరు కస్టమర్లని సీజీనాట్ (చాలామంది కస్టమర్లకి ఒకే బయటి చిరునామా పంచే నాట్) వెనక పెట్టి ఉంటే ఇది రెండు పొరల తలనొప్పి. ఫోన్లకి విడిగా ఒక వీలాన్ (అదే తీగల మీద వేరే నెట్‌వర్క్) ఇచ్చి, పీబీఎక్స్‌ని మీ నెట్‌వర్క్ లోపలే పెట్టుకోవడం మేలు. ఆస్టెరిస్క్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్స్ ఖర్చు లేదు, ఓపిక ఖర్చు ఉంది.

ఒంటిచెవి
ఏఎల్‌జీ ఆపాను. మాట వస్తోంది! పేరు మార్చుకోవాలేమో.

ముక్కుసూటి
ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి "క్యూఓఎస్ పెట్టండి" అంటారు చూడండి. మాట ప్యాకెట్లకి ముందు దారి ఇమ్మని వేసే ఆ గుర్తుల్ని ఇంటర్నెట్‌లో ఎవడూ పట్టించుకోడు.

జిట్టర్_బాబు
అనబోతున్నది నేనే, తొందరపడ్డారు.

మీ టవరు దాటి బయటికి వెళ్లాక ఎవరూ చూడరు, ఒప్పుకుంటాను. కానీ ఆయనకి జామ్ అయ్యేది బయట కాదు కదా, డాబా మీది రేడియోకీ టవరుకీ మధ్య. అది ఆయన సొంత పొలం, నీళ్లు ఏ మడికి ముందు పెట్టాలో ఆయన ఇష్టం.

ఇక్కడ ఒక గుంట ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా. ఫోన్లు మాట ప్యాకెట్ మీద డీఎస్‌సీపీ 46 అని గుర్తు వేస్తాయి. వైఫై రేడియోలు చాలావాటిలో ఆ గుర్తులోని పై మూడు బిట్లు మాత్రమే చూస్తాయి. 46లో పై మూడు బిట్లు తీస్తే 5 వస్తుంది. డబ్ల్యూఎంఎంలో, అంటే వైఫైలో ప్యాకెట్లని వరసలుగా విడదీసే పద్ధతిలో, 5 అంటే వీడియో క్యూ! వాయిస్ క్యూకి 6 గానీ 7 గానీ ఉండాలి. నేను నెల రోజులు "క్యూఓఎస్ పెట్టాను, అయినా ఇంతే" అని ఏడ్చాను. తీరా చూస్తే నా మాటలన్నీ సినిమాల వరసలో నిలబడి ఉన్నాయి. రేడియోలో ఆ మ్యాపింగ్ చేత్తో మార్చుకోవాలి. 2018లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8325 కూడా 46ని 6కి కలపమనే చెబుతుంది.

ముక్కుసూటి
ఇది నాకు తెలియదు. ఆ మూడేళ్లూ మావి కూడా సినిమా వరసలోనే ఉన్నాయేమో.

లెక్కల_పంతులు
😄

పాత_ఎక్స్ఛేంజి
మీరంతా ప్యాకెట్ల గొడవలో పడ్డారు గానీ కరెంటు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పాత రాగి తీగ ఫోన్‌కి ఎక్స్ఛేంజి నుంచే మైనస్ 48 వోల్ట్‌లు వచ్చేవి. ఎక్స్ఛేంజి కింద గది నిండా బ్యాటరీలు. ఊరంతా చీకటైనా ఫోన్ ఎత్తితే డయల్ టోన్ ఉండేది. ఆ అలవాటు జనాల్లో ఇంకా పోలేదు. కరెంటు పోయి ఐపీ ఫోన్ ఆరిపోతే "ఇదేం ఫోనండీ" అంటారు. అందుకే డాబా మీది రేడియో, రౌటర్, స్విచ్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. ఫోన్లకి నెట్ కేబుల్‌లోనే కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్ పెడితే అవీ దాని మీదే బతుకుతాయి. రెండింటికి పెట్టి స్విచ్‌ని గోడ ప్లగ్‌లో వదిలేసినవాళ్లని చూశాను.

ఇంకొకటి. ఎన్ని ఫోన్లు ఉంటే అన్ని చానళ్లు కొనకండి. 30 ఫోన్ల ఆఫీసు అనుకోండి. బాగా రద్దీగా ఉండే గంటలో ఒక్కో ఫోన్ 6 నిమిషాలు వాడతారు. మొత్తం 180 నిమిషాలు, అంటే సగటున ఒకేసారి 3 కాల్స్, మా భాషలో 3 ఎర్లాంగ్‌లు. దీనికి 8 చానళ్లు చాలు, నూటికి ఒక్క కాల్ కూడా బిజీ టోన్ తినదు. డెన్మార్క్‌లో టెలిఫోన్ కంపెనీలో పని చేసిన ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రమే ఇది. తీగలు పోయి గాలి వచ్చినా జనం ఫోన్ ఎత్తే తీరు మారలేదు.

లెక్కల_పంతులు
వేసి చూశాను. 0.8 శాతం వస్తోంది. పెద్దాయన మాట కరెక్టే.

సిప్_సీత
కాల్ సెంటర్‌కి మాత్రం ఆ లెక్క వాడకండి. అక్కడ ఫోన్ కింద పెట్టరు.

కస్టమర్_కుర్చీ
నేను కొనేవైపు మనిషిని, ఒక ఆఫీసులో అడ్మిన్. మాకు ఒకాయన మీలాగే నెట్‌తో పాటు ఫోన్ ఇచ్చారు. మాట బాగానే ఉంది. కానీ పాత లైన్లు తీసేశాక ఒక్కొక్కటే బయటపడింది. ఫ్యాక్స్ సగం పేజీలో ఆగిపోతోంది. లిఫ్ట్ లోపలి ఎమర్జెన్సీ ఫోన్ ఆ పాత లైన్ మీదే ఉందని మాకెవరికీ గుర్తులేదు, తనిఖీకి వచ్చినవాళ్లు చెప్పారు. ఫైర్ అలారం బాక్స్ కూడా అంతే. అమ్మేటప్పుడు "ఈ లైన్ మీద ఫోన్ కాక ఇంకేం వేలాడుతున్నాయి?" అని ఆయన ఒక్కమాట అడిగి ఉంటే గొడవే లేదు.

పాత నంబర్‌ని కొత్త కనెక్షన్‌కి మార్చుకునే సంగతి కూడా. పోర్టింగ్ పూర్తి కాకముందే పాత కనెక్షన్ రద్దు చేయించారు. నంబర్ చేతికి రావడానికి నానా తంటాలు పడ్డాం. ఆ నంబర్ మా బోర్డు మీద ఉంది, లెటర్‌హెడ్ల మీద ఉంది.

సిప్_సీత
ఫ్యాక్స్‌కి జీ.729 అయితే ఆశ వదులుకోవాల్సిందే, అది మనిషి గొంతు కోసం చేసిన కోడెక్. ఫ్యాక్స్ కోసమే చేసిన టీ.38 పద్ధతి రెండు వైపులా ఉంటే నయం. లేకపోతే జీ.711లో పంపి దేవుడికి దండం పెట్టుకోవడమే. లిఫ్ట్, అలారం లాంటివి నేనైతే ముట్టుకోను, పాత లైన్ ఒకటి ఉంచమంటాను.

పాత_ఎక్స్ఛేంజి
అత్యవసర నంబర్‌కి చేస్తే ఏ చిరునామా వెళ్తుందో కూడా చూసుకోండి. రాగి తీగ ఎక్కడుంటే ఫోన్ అక్కడే ఉండేది. ఐపీ ఫోన్‌ని పీకి ఇంటికి పట్టుకుపోయి పెట్టుకున్నా మోగుతుంది, అంబులెన్స్ మాత్రం ఆఫీసుకి వెళ్తుంది. ఎక్కడైనా దీనికి అనుమతులు, నిబంధనలు ఉంటాయి, అవి చదవకుండా మొదలుపెట్టకండి.

రాత్రి_డ్యూటీ
మా కథ కూడా వినండి. ఒక కస్టమర్ పీబీఎక్స్‌లో ఎక్స్‌టెన్షన్ 201కి పాస్‌వర్డ్ 201. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూశారు. శనివారం, ఆదివారం రెండు రోజులూ ఎవరో దాంట్లో దూరి, నిమిషానికి ఎక్కువ వసూలు చేసే విదేశీ నంబర్లకి ఆపకుండా కాల్స్ చేశారు. సోమవారం పొద్దున కాల్ రికార్డు తెరిస్తే స్క్రోల్ చేస్తూనే ఉన్నాను, అయిపోవడం లేదు. నాలుగైదు కాల్స్ ఎప్పుడూ ఒకేసారి నడుస్తూనే ఉన్నాయి. కస్టమర్ "నేను చేయలేదు" అన్నాడు, నిజమే. టోకు కంపెనీ "మీ ఖాతా నుంచి వెళ్లాయి" అంది, అదీ నిజమే. మధ్యలో నేను.

అప్పటి నుంచి విదేశీ కాల్స్ అడిగితేనే తెరుస్తాను. రోజుకి ఇంత అని పరిమితి పెడతాను, దాటితే లైన్ దానంతటదే ఆగిపోవాలి. పాస్‌వర్డ్‌లు నేనే పెడతాను, కస్టమర్‌కి చూపించను కూడా. సిప్ వాడే 5060 పోర్ట్‌ని బయటి ప్రపంచానికి తెరిచి పెట్టి ఒక రాత్రి లాగ్ చూడండి, నిద్ర పట్టదు.

ముక్కుసూటి
చూశారా, అందుకే మానుకోమన్నది. ఒప్పందంలో 99.9 శాతం అని రాసిస్తారు. నెలకి 43 నిమిషాలు. ఒక్కసారి టవరెక్కి రేడియో మార్చడానికే అయిపోతుంది.

జిట్టర్_బాబు
అందుకే ఒకే టవరు మీద ఆధారపడ్డవాళ్లు అంకెలు రాసివ్వకూడదు. లింకు పడిపోతే కాల్స్ వాళ్ల మొబైల్‌కి మళ్లేలా పీబీఎక్స్‌లో పెట్టండి. సగం తిట్లు తగ్గుతాయి. పీబీఎక్స్ కస్టమర్ ఆఫీసులో ఉంటే మాత్రం ఈ ఉపాయం పని చేయదు, లింకుతో పాటు అదీ అందదు.

టవరు_మీద_కాకి
నాలుగు రోజులు కనబడలేదు, క్షమించండి. దొరికింది. ఒకటి కాదు, మూడు.

బాబు గారు చెప్పినట్టు వాళ్ల ఆఫీసులో కూర్చుని పింగ్ పెట్టాను. 10:58కి 9 మిల్లీసెకన్లు. 11:00కి 60. 11:02కి 340, అక్కడి నుంచి 300కీ 400కీ మధ్య ఊగుతూనే ఉంది. వాళ్ల అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా 11కి క్లౌడ్‌కి బ్యాకప్ మొదలుపెడుతోంది. రెండు గంటలు పడుతుంది. డాబా మీది రేడియో వచ్చిన ప్యాకెట్‌నల్లా పారేయకుండా క్యూలో పేర్చుకుంటూ పోతోంది, మాట ప్యాకెట్ వెళ్లి ఆ వరస చివర నిలబడుతోంది. రౌటర్‌లో అప్‌లోడ్‌ని 5కి బదులు 4.2కి బిగించి, క్యూ పెరగకుండా చూసే ఎఫ్‌క్యూ కోడెల్ పెట్టాను. క్యూ రేడియోలో కాకుండా నా చేతిలో ఉన్నచోట తయారవుతోంది ఇప్పుడు. మర్నాడు బ్యాకప్ నడుస్తుండగానే పింగ్ 15 దాటలేదు. డబ్ల్యూఎంఎం మ్యాపింగ్ కూడా చూశాను. అవును, వీడియో వరసలోనే ఉన్నాయి.

రెండోది, అన్ని ఫోన్లూ నిమిషం చచ్చిపోవడం. టవరు రేడియో లాగ్ తెరిస్తే ఆ సమయాల్లోనే "రాడార్ కనబడింది" అని ఉంది. నేను పెట్టింది డీఎఫ్ఎస్ చానల్, అంటే రాడార్లతో పంచుకోవాల్సినది. రాడార్ చప్పుడు వినగానే రేడియో ఆ చానల్ ఖాళీ చేసి వేరేదానికి వెళ్లిపోతుంది. అదీ డీఎఫ్ఎస్ చానలే అయితే 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి, ఆ తర్వాతే పలకాలి. నిజంగా రాడారో, పక్కవాళ్ల రేడియోని చూసి భ్రమపడిందో తెలియదు. ఇది నెలల నుంచి జరుగుతోంది! సెక్టార్‌లో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు. ముక్కుసూటి గారు మొదట్లోనే అన్నారు, నెట్ నిమిషం పోతే ఎవరూ గమనించరని. డీఎఫ్ఎస్ అక్కర్లేని చానల్‌కి మార్చాను. రద్దీ కొంచెం ఎక్కువే గానీ తెగడం లేదు.

రాత్రి_డ్యూటీ
మూడోది?

టవరు_మీద_కాకి
అదే నవ్వొచ్చేది. అన్నీ బాగుపడ్డాక కూడా రిసెప్షన్ ఫోన్ ఒక్కటి గరగరమంటోంది. పక్క సీటు ఫోన్ అద్దంలా ఉంది. పాస్‌వర్డ్, పోర్ట్, స్విచ్, ఫోన్ అన్నీ మార్చాను. చివరికి బల్ల కింద దూరాను. ఆ మేడమ్ కుర్చీ చక్రం నెట్ కేబుల్ మీద ఎక్కి ఉంది. వెనక్కి జరిగినప్పుడల్లా నలుగుతోంది. పై తొడుగు చిరిగి లోపలి నారింజ రంగు జత బయటికి కనబడుతోంది. ఆ మీటరు పొడవు కేబుల్ మార్చాను.

లెక్కల_పంతులు
ఎర్లాంగ్ సూత్రంలో కుర్చీ చక్రం లేదు.

జిట్టర్_బాబు
మరి 21 ఆఫీసుల సంగతి?

టవరు_మీద_కాకి
టీడీఎంఏ సెక్టార్లలో ఉన్న ఆరు ఆఫీసులకి మాత్రమే, అదీ ఒక్కొక్కటిగా. ప్రతి చోటా ముందు ఒక పనిదినమంతా పింగ్ వదిలి చూస్తాను. విదేశీ కాల్స్ మూసే ఉంటాయి. లిఫ్టులు ముట్టుకోను. మూడో సెక్టార్‌లో ఆ ముగ్గురి పాత రేడియోలు నా ఖర్చుతోనే మార్చేస్తున్నాను.

కస్టమర్_కుర్చీ
రిసెప్షన్ మేడమ్ ఇంకా మీకు సొంత మొబైల్ నుంచే చేస్తున్నారా?

టవరు_మీద_కాకి
లేదు, ఇప్పుడు డెస్క్ ఫోన్ నుంచే. నిన్న చేశారు, గొంతు ఎంత స్పష్టంగా ఉందో. బ్యాకప్ ఇదివరకటి కంటే ఆలస్యంగా అవుతోందట, నెట్ స్లో అయిందా అని అడిగారు.